మాల తీసిన రాత్రి

మా చిన్నమామ మాల తీసింది సంక్రాంతి దాటిన నాలుగో రోజు. తల్లి లేని మనిషి గనక అక్క చేత తీయించుకున్నాడు. దేవరకద్ర దాటి లోపలికి పోతే వచ్చే ఊరు అది. వాకిట్లో పీట వేసి కూర్చోబెట్టి, మా అమ్మ తులసిమాలను మెల్లగా తల మీది నుంచి తీసి పాలగిన్నెలో వేసింది. నల్లపంచె విడిచి తెల్లపంచె కట్టుకొచ్చిన తమ్ముణ్ని చూసి ఏడ్చేసింది. ఆమె ఎరిగినంతలో ఆయన నలభై ఒక్క రోజులు కల్లు ముట్టకుండా ఉండడం అదే మొదలు. "ఇగ మావోడు మనుషుల్ల కలిసిండు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పింది.

సాయంత్రం ఆరింటికి ఇద్దరు జతగాళ్లు ఇంటి ముందు బండి ఆపారు. లోపలికి రాలేదు, హారన్ కొట్టారు. మామ చెప్పులేసుకుంటుంటే అత్తమ్మ "యాడికి?" అని అడిగింది. "ఈడికే" అన్నాడు.

తెల్లవారుజామున నాలుగింటికి నాకు అత్తమ్మ ఫోన్. "అల్లుడా, మీ మామకు గురక ఎట్లనో వస్తుంది. ఎంత లేపినా లేస్తలేడు." ఆ గురకను ఫోన్లోనే విన్నాను. రెండు గురకల మధ్య ఎడం చాలా ఎక్కువగా ఉంది. 108 వచ్చేసరికి పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయట. పాలమూరు (మహబూబ్‌నగర్) పెద్దాసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, ఎంత తాగాడని. జతగాళ్లలో ఒకడు చేతులు కట్టుకుని చెప్పాడు: "రోజు తాగేటంతే మేడం. ఎక్కువేం తాగలే."

అతను అబద్ధం చెప్పలేదు. పాత రోజుల్లో రెండు సీసాల కల్లు, ఆపైన ఒక క్వార్టర్ తాగి మామ తన కాళ్ల మీద తాను ఇంటికొచ్చేవాడు. ఆ రాత్రీ అంతే తాగాడు. ప్రాణం మీదికి తెచ్చింది ఆ "అంతే". నలభై ఒక్క రోజుల్లో ఒళ్లు మారిపోయిందని, పాత లెక్క ఇప్పుడు విషమని ఆయనకు తెలియదు, జతగాళ్లకు తెలియదు, మాల తీసిన మా అమ్మకు తెలియదు. పత్రికలో పనిచేసే నాకూ తెలియదు.

ఈ కథనం రాయడానికి కారణం ఆ రాత్రి. తాగుడు మానడం ఎంత కష్టమో మనం చాలాసార్లు రాశాం. మానిన తర్వాత వచ్చే రోజుల గురించి మాత్రం మన పల్లెల్లో చెప్పేవాళ్లు తక్కువ. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఊళ్లలో తాగుడు మానడానికి దారులున్నాయి: అయ్యప్ప మాల, హనుమాన్ మాల, చెరువుగట్టు జడల రామలింగేశ్వరుడి మీద ఒట్టు, బిడ్డ తల మీద చెయ్యి. మాన్పించే మొక్కులున్నాయి గానీ, మానినవాణ్ని కాచుకునే ఆనవాయితీ మనకు లేదు.

చెట్టు కల్లు, మందు కల్లు

పాలమూరు కల్లు సంగతి తెలియనిదే ఈ ప్రమాదం అర్థం కాదు. నల్లగొండ వైపు తాళ్లు, ఈదులు బాగానే ఉంటాయి. గౌడన్న మోకు భుజానేసుకుని పొద్దున్నే చెట్టెక్కితే, లొట్టి దిగిన చోటే తాటాకు రేకలో పోయించుకుని తాగినవాళ్లం మనలో ఎంతమందో ఉన్నాం. అది చెట్టు కల్లు. పాలమూరు పల్లెల్లో చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ. వంద మందికి సరిపోయే కల్లును వెయ్యి మందికి పంచాలంటే నీళ్లు కలపాలి. నీళ్లు కలిపితే తీపి పోతుంది, నిషా పోతుంది. తీపికి శాక్రిన్ వేశారు. నిషాకు మొదట్లో క్లోరల్ హైడ్రేట్, ఆ తర్వాత డైజోఫాం (డయాజెపామ్), ఇప్పుడు అల్ప్రాజోలం. జనం నోట అది మందు కల్లు. కల్లు అనే పేరు సీసా మీద మిగిలింది, లోపల ఉన్నది నిద్రమాత్రల నీళ్లు.

అల్ప్రాజోలం డాక్టర్లు ఆందోళనకు రాసే మాత్ర. పావు మిల్లీగ్రాము, అర మిల్లీగ్రాము చొప్పున ఇస్తారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద 100 గ్రాములకు మించి దొరికితే కనీసం పదేళ్ల జైలు. ఆ 100 గ్రాముల పొడిలో పావు మిల్లీగ్రాము మాత్రలు నాలుగు లక్షలు చేయొచ్చు. దాన్ని దుకాణంలో త్రాసుతో తూచి కలపరు, అందాజగా కలుపుతారు. ఒక రోజు సీసాలో రెండు మాత్రల బలం ఉంటే మర్నాడు పది మాత్రల బలం ఉండొచ్చు. తాగేవాడికి తెలిసే దారి లేదు.

2025 సెప్టెంబరులో హైదరాబాద్ పాత బోయిన్‌పల్లిలో పిల్లలు చదువుకునే బడి భవనంలోనే అల్ప్రాజోలం తయారుచేస్తుంటే మాదకద్రవ్యాలను అరికట్టే 'ఈగల్' విభాగం పోలీసులు పట్టుకున్నారు. సరుకు పాలమూరు జిల్లా భూత్పూర్ చుట్టుపక్కల కల్లు దుకాణాలకు పోతోందని చెప్పారు. అంతకు రెండు నెలల ముందు, జులైలో, కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. అక్కడి కల్లు నమూనాల్లోనూ అల్ప్రాజోలం దొరికింది.

తాగితే చావు అన్నది సగం సంగతి. ఉన్నపళంగా మానితే కూడా ప్రాణం మీదికి వస్తుందన్నది మిగతా సగం. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ కల్లు మీద దాడులు పెంచింది. దుకాణాల్లో మందు కలపడం ఆగింది. రెండు మూడు రోజులకు పాలమూరు, నిజామాబాద్, మెదక్ జిల్లాల్లో జనం వింతగా ప్రవర్తించడం మొదలుపెట్టారు. చేతులు వణికి, మాట తడబడి, లేని మనుషులతో మాట్లాడుతూ, ఫిట్స్ వచ్చి పడిపోతూ ఆసుపత్రులకు వచ్చారు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం కిటకిటలాడింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి మద్యం, కల్లు దుకాణాలు మూసినప్పుడు మళ్లీ అదే దృశ్యం కనబడింది.

నా మటుకు నాకు, ఆ 2015 సెప్టెంబరు మన తెలంగాణ పల్లె ఆరోగ్య చరిత్రలో పెద్ద అక్షరాలతో రాయాల్సిన ఘట్టం. దుకాణం మీద దాడి చేసేటప్పుడు పక్క ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరును, మందులను సిద్ధంగా ఉంచాలని అది చెప్పింది. సరుకు ఆపడం ఒక రోజు పని. ఒంట్లో పేరుకున్న అలవాటు విడవడం వారాల పని. దాడి చేసే శాఖ ఒకటి, వైద్యం చేసే శాఖ మరొకటి కావడం వల్ల మధ్యలో నలిగింది తాగేవాడూ, వాడి పెళ్లామూ.

"స్వామి ఒంట్లకొచ్చిండు"

మామ మాల వేసుకున్న మూడో రాత్రి సంగతి తర్వాత అత్తమ్మ చెప్పగా విన్నాను. పడిపూజ జరుగుతోంది. భజనలో కూర్చున్న మామకు చేతులు వణకడం మొదలైంది. గోడ మీద చీమల బారు పోతోందని పదేపదే తుడిచాడు. గోడ మీద ఏమీ లేదు. కాసేపటికి కళ్లు పైకి తేలేసి, పళ్లు గిట్టకరిచి పడిపోయాడు. చుట్టూ ఉన్నవాళ్లు "స్వామి ఒంట్లకొచ్చిండు" అని హారతి ఇచ్చారు. ఊళ్లో నర్సు పనిచేసే అమ్మాయి ఒకతె గుంపును చీల్చుకుని వచ్చి, "స్వామీ లేదు ఏం లేదు, ఇవి ఫిట్స్" అని అరిచి, పక్కకు ఒత్తిగిల్లజేసి ఆటోలో ఎక్కించింది. ఆ అమ్మాయి లేకపోతే ఈ కథ అక్కడితోనే ముగిసేది.

ఒంట్లో జరిగేది ఇది. మెదడులో ఉరికించే మీట ఒకటి, ఆపే మీట ఒకటి ఉన్నాయనుకుందాం. కల్లులోని ఆల్కహాలు, అందులోని నిద్రమందు రెండూ ఆపే మీటను నొక్కుతాయి. ఏళ్ల తరబడి బయటి నుంచి ఎవరో నొక్కుతుంటే మెదడు తన సొంత ఆపుదలను తగ్గించుకుని, ఉరుకును పెంచుకుని సరిచేసుకుంటుంది. అందుకే పాతకాపుకు రెండు సీసాలు తాగినా కాళ్లు తడబడవు. ఒక్కసారిగా బయటి చెయ్యి తీసేస్తే పగ్గం లేని ఎద్దులా మెదడు ఉరుకుతుంది. మద్యం మానిన ఆరు గంటల నుంచి రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా సన్నిపాతం లాంటి స్థితి, డాక్టర్లు డెలీరియం ట్రెమెన్స్ అనేది, ముంచుకు రావచ్చు. సమయానికి వైద్యం అందితే అందులో చనిపోయేది నూటికి ఐదుగురి లోపే. అందకపోతే ఆ లెక్క ఎన్నో రెట్లు పెరుగుతుంది.

డైజోఫాం రోజులు పోయి అల్ప్రాజోలం రోజులు వచ్చాక ఈ ముప్పు ఇంకా పెరిగింది. డైజోఫాం ఒంట్లోంచి మెల్లగా పోతుంది, సగానికి తగ్గడానికే రెండు రోజులు, ఇంకా ఎక్కువ పడుతుంది. అల్ప్రాజోలం పదకొండు గంటల్లో సగమైపోతుంది. మెల్లగా దిగే మెట్లు తీసేసి గోడ మీది నుంచి దూకమన్నట్టు. అందుకే డాక్టర్లు మందు కల్లు తాగేవాళ్లకు ఒంట్లో ఎక్కువ సేపు నిలిచే మాత్ర ఇచ్చి, దాన్ని వారాల మీద కొంచెం కొంచెం తగ్గించుకుంటూ వస్తారు. ఇది ఇంట్లో సొంతంగా చేసే పని కాదు. మాల వేసుకోవాలనుకునే తాగుడు మనిషి ముందు గురుస్వామి దగ్గరికి, ఆ తర్వాత డాక్టరు దగ్గరికి పోతాడు. ఆ వరస తిరగబడాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. కొందరు గురుస్వాములు ఈ మాట విని, మాల వేసే ముందే "ఏ కల్లు తాగుతవు, ఎన్ని సీసాలు?" అని అడగడం మొదలుపెట్టారు. వాళ్లకు చేతులెత్తి మొక్కాలి.

నలభై ఒకటి, తొంభై

1971లో హంట్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, ఆయన సహచరులు ఒక గీత గీశారు. సిగరెట్ మానినవాళ్లు, మద్యం మానినవాళ్లు, హెరాయిన్ మానినవాళ్లు ఎన్నాళ్లకు మళ్లీ మొదలుపెడుతున్నారో లెక్కగట్టారు. మూడు మత్తులవీ మూడు రకాల గీతలు రావాలి. వచ్చింది దాదాపు ఒకటే గీత. మళ్లీ మొదలుపెట్టేవాళ్లలో అత్యధికులు మొదటి మూడు నెలల్లోనే జారుతున్నారు. ఆ తర్వాత గీత నెమ్మదిగా చదునవుతుంది.

మండల దీక్ష 41 రోజులు. ప్రమాదపు గడువు 90 రోజులు. అంటే మాల తీసే రోజుకు మనిషి వాగు మధ్యలో ఉంటాడు. నీళ్లు అప్పటికీ నడుము లోతు ఉంటాయి. ఒడ్డున నిలబడిన మనం మాత్రం దాటేశాడని చప్పట్లు కొట్టి ఇంటికి పోతాం. నియమాలన్నీ ఒక్క గంటలో రద్దవుతాయి: చన్నీళ్ల స్నానం, నేల పడక, "స్వామీ" అనే పిలుపు, సాయంత్రం భజన. మనిషిని నిలబెట్టిన గుంజలవి. ముఖ్యంగా సాయంత్రం భజన. రోజూ ఆరు నుంచి ఎనిమిది దాకా మామ కూర్చునే చోటు అది. మాల తీసిన రోజు ఆరింటికి ఆయనకు కూర్చోవడానికి చోటు లేదు. కల్లు దుకాణం ఉంది.

అప్పటికి ఒళ్లు కొత్త మనిషి ఒళ్లు. ఆపే మీటను మెదడు మళ్లీ తానే నొక్కుకోవడం నేర్చుకుంది. దాని మీద పాత రెండు సీసాలు, ఒక క్వార్టరు పడ్డాయి. నిద్రమందు, మద్యం కలిసి ఊపిరిని తొక్కిపడతాయి. నాలుక వెనక్కి పడి గొంతుకు అడ్డం వస్తుంది. అందుకే ఆ గురక. మానిన మనిషి మళ్లీ తాగిన రాత్రి వింతగా గురక పెడుతున్నాడంటే "తాగి పండిండు, పండనీయి" అనుకోకూడదు. పక్కకు ఒత్తిగిల్లజేసి 108కి ఫోన్ చేయాలి. మా అత్తమ్మ ఆ రాత్రి ముందు మూడు గంటలు "పండనీయి" అనే అనుకుంది. ఆ మూడు గంటల సంగతి ఇప్పటికీ తలుచుకుని కుములుతుంది.

బతికి బయటపడ్డాక మామ బుద్ధి తెచ్చుకున్నాడా? లేదు. నెల తిరక్కుండా మళ్లీ తాగాడు. మానాడు. మళ్లీ తాగాడు. ఆ ఏడాది నాలుగుసార్లు. ప్రతిసారీ మానినప్పుడు వణుకు ముందటిసారి కంటే ఎక్కువ. దీనికీ కారణం ఉంది. ఒకసారి కాలి ఆరిన కట్టె రెండోసారి తొందరగా అంటుకున్నట్టే, మాని, జారి, మళ్లీ మానిన మెదడు ప్రతిసారీ తేలిగ్గా ఫిట్స్‌కు అంటుకుంటుంది. అందుకే "పోయినసారి ఇంట్లనే మానలేదా, ఇప్పుడూ గట్లనే" అన్న ధీమా పనికిరాదు. పోయినసారి కంటే ఈసారి ఆసుపత్రి అవసరం ఎక్కువ.

రెండోసారి తాగినప్పుడు బంధువులం తలా కొంత వేసుకుని హైదరాబాద్ పొలిమేరల్లో ఒక మత్తు విముక్తి కేంద్రంలో చేర్పించాం. నెల రోజులు తాళం వేసి ఉంచారు. నెల తిరగ్గానే డబ్బు లెక్కచూసి పంపించారు. వచ్చేటప్పుడు చేతిలో ఒక చీటీ లేదు, రెండు వారాల తర్వాత రమ్మన్న మాట లేదు. బస్సు దిగింది ఎక్కడ? కల్లు దుకాణం ఎదురుగా ఉన్న స్టేజీ దగ్గర.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే సంగతి ఒకటి వియత్నాం యుద్ధంలో ఉంది. అక్కడి అమెరికన్ సైనికుల్లో దాదాపు అయిదో వంతు మంది హెరాయిన్‌కు బానిసలయ్యారని తేలింది. వీళ్లంతా ఇంటికొస్తే ఏమవుతుందోనని ఆ దేశం భయపడింది. లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వెంటపడి చూస్తే, బానిసలైనవాళ్లలో తిరిగొచ్చిన మొదటి ఏడాదిలో మళ్లీ అలవాటులో పడ్డది నూటికి ఐదుగురు మాత్రమే. మత్తు నేర్పిన చోటు, మత్తు దొరికే చోటు రెండూ వేల మైళ్ల అవతల ఉండిపోయాయి.

మనకు జరిగేది దానికి తలకిందులు. మన మనిషి మానేది హైదరాబాద్‌లో, బెంగళూరులో. తిరిగొచ్చేది తాగిన వాకిట్లోకే. పాలమూరు వలస కూలీల ఇళ్లలో ఈ మాట నేను చాలాసార్లు విన్నాను: "బొంబాయిల ఉన్నన్ని రోజులు మంచిగుండె సారు, పీర్ల పండుగకు ఊరికొచ్చి మళ్ల మొదలువెట్టిండు." ఊరు మెదడుకు గంట కొడుతుంది. పులిసిన కల్లు వాసన, దుకాణం ముందు సీసాలు ఒకదానికొకటి తగిలే చప్పుడు, పత్తి అమ్మిన పైసలు జేబులో పడ్డ శనివారం, తోడబుట్టినవాడితో గట్టు పంచాయితీ. కురుమూర్తి జాతర, దురాజ్‌పల్లి లింగమంతుల జాతర, పిట్టకు పెట్టుడు, బోనాల నాడు సాక పోయడం. చావైనా పెళ్లయినా సీసా లేనిదే మర్యాద లేదనుకునే చోట, వద్దన్నవాడు బంధుత్వాన్ని కాదన్నవాడవుతాడు. "ఒక్క రేకకు ఏమైతది బావా, చెట్టు కల్లే" అని పోసేవాళ్లకు చెడు తలపు ఉండదు. ప్రేమతోనే పోస్తారు.

తిరగబెట్టడం

జ్వరం తిరగబెట్టిందంటాం. టైఫాయిడ్ తిరగబెడితే రోగిని తిట్టం. పథ్యం ఎక్కడ చెడిందో చూస్తాం, మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకుపోతాం. తాగుడు తిరగబెడితే మాత్రం "వానికి బుద్ధి లేదు" అని ముగించేస్తాం. మత్తు వదిలించుకునే చికిత్సలో ఉన్నవాళ్లలో నూటికి 40 నుంచి 60 మందికి అది తిరగబెడుతుందని అమెరికా జాతీయ మాదకద్రవ్య పరిశోధన సంస్థ చెబుతుంది. రక్తపోటు, ఉబ్బసం రోగుల్లో తిరగబెట్టేది ఇంతకంటే తక్కువేమీ కాదు. బీపీ పెరిగినవాణ్ని మనం ఊరవతలికి నెట్టడం లేదు.

సియాటిల్‌లో పనిచేసిన అలన్ మార్లాట్ అనే మనస్తత్వవేత్త 1985లో, జుడిత్ గోర్డన్‌తో కలిసి తెచ్చిన పుస్తకంలో ఒక తేడా చూపించాడు. అడుగు జారడం వేరు, బావిలో పడడం వేరు. ఒక్క గ్లాసు తాగినవాణ్ని పది సీసాల దాకా లాక్కుపోయేది ఆ గ్లాసు ఒక్కటే కాదు, దాని వెంట వచ్చే సిగ్గు. "ఎట్లైనా ఒట్టు తప్పింది. ఇగ తాగితే ఏంది, తాగకపోతే ఏంది" అనే మాట. మనం వేయించే ఒట్లు ఎంత గట్టివైతే ఈ మాట అంత పదునెక్కుతుంది. బిడ్డ తల మీద చెయ్యి వేసినవాడు జారిన తెల్లారి బిడ్డ మొహం చూడలేక దుకాణానికే పోతాడు. మామ నాతో ఒకసారి అన్నాడు: "నిషా కోసం తాగలే అల్లుడా. మీ అత్తకు మొకం చూపెట్టలేక తాగిన."

అందుకే ఇళ్లలో ఆడవాళ్లను ఒక మాట వేడుకుంటున్నాను. బస్టాండు గోడల మీద "తెలియకుండా తాగుడు మాన్పించబడును" అనే కాగితాలు చూసి పొడులు, మాత్రలు తెచ్చి కూరలో కలపకండి. డైసల్ఫిరామ్ అనే మాత్ర నిజంగా ఉంది. అది మింగినవాడు తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. ఆ సంగతి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూపులో వేసుకునేవాడికి అది తోడు. తెలియకుండా తిన్నవాడు ఎప్పటిలాగే దుకాణానికి పోయి అక్కడే కూలిపోవచ్చు. కోరికను తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులూ ఉన్నాయి. ఏది ఎవరికి, ఎన్నాళ్లు అన్నది డాక్టరు తేల్చాలి.

ఆడవాళ్ల మాట వచ్చింది గనక ఒక దృశ్యం చెప్పాలి. ఆసుపత్రి వార్డులో మామ పక్క మంచం రోగికి అతని భార్య గంజి తాగిస్తోంది. చెంచా గిన్నెకు తగిలి టకటకమంటోంది. రౌండ్స్‌కు వచ్చిన డాక్టరమ్మ రోగిని వదిలి ఆమె మణికట్టు పట్టుకుంది. "నువ్వెన్ని రోజులైందమ్మా తాగక?" ఆమె తల వంచుకుని "రెండు రోజులు" అంది. మొగుడికి సేవ చేస్తూ తన వణుకును కొంగు కింద దాచుకుంటోంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం దేశంలో మద్యం తాగే ఆడవాళ్లు నూటికి 1.3. తెలంగాణలో 6.7. కల్లు మన దగ్గర ఆడవాళ్లకు తప్పు కాదు. నాట్లేసి వచ్చి నడుము నొప్పికి ఒక సీసా అంటారు. వాళ్లు మానాలన్నా మగవాళ్లలా మాల వేసుకునే ఆనవాయితీ తక్కువ, చేర్చుకునే కేంద్రాలు అరుదు. మళ్లీ మొదలుపెడితే లెక్కపెట్టేవాళ్లూ లేరు. పూర్తిగా వాళ్ల గురించే మరో కథనం రాయాలని నా కోరిక.

ఎయిమ్స్ నిపుణులు కేంద్ర ప్రభుత్వం కోసం చేసి 2019లో వెలువరించిన సర్వేలో, దేశంలో మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందుతోందని తేలింది. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందేది 180 మందిలో ఒక్కరు. మన రెండు పాత జిల్లాలకు ఇప్పుడు సాకులు తక్కువ. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. బీబీనగర్‌లో ఎయిమ్సే ఉంది. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్లు తెలుగులో మాట్లాడతారు. మత్తు సమస్యలకే పెట్టిన నంబరు 14446. రెండూ ఉచితం. లేనిదల్లా ఆసుపత్రి గడప నుంచి ఇంటి గడప దాకా వెంట వచ్చే మనిషి. ఆశా కార్యకర్త టీబీ మందుల కోసం ఇంటికి వచ్చినట్టే మానినవాడి ఇంటికి మూడు నెలలు వారానికోసారి వస్తే ఎన్ని చావులు ఆగుతాయో!

అమెరికాలోని ఏక్రన్‌లో బాబ్ స్మిత్ అనే సర్జన్ ఉండేవాడు. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే మాజీ తాగుబోతు ఆయన్ని కలిశాడు. ఇద్దరూ గంటల తరబడి మాట్లాడుకునేవారు. డాక్టర్ బాబ్ మానేశాడు. మూడు వారాలు గడిచాయి. వైద్యుల మహాసభకని అట్లాంటిక్ సిటీ రైలెక్కాడు, రైల్లోనే మొదలుపెట్టాడు, రోజుల తరబడి తాగి, ఒళ్లు తెలియని స్థితిలో ఇంటికి చేరాడు. బిల్ తిట్టలేదు, వదిలిపోలేదు. పక్కన కూర్చుని మత్తు దించాడు. ఆ జూన్‌లోనే, ఆపరేషన్ చేయాల్సిన చేతులు వణకకుండా ఒక్క బీరు తాగిన బాబ్, 1950లో చనిపోయేదాకా ఇక ముట్టలేదు. ప్రపంచమంతా పాకిన ఆల్కహాలిక్స్ అనానిమస్ తన పుట్టినరోజుగా చెప్పుకునేది ఆ రోజునే, జూన్ 10 అనే తేదీతో. మానిన మొదటి రోజును కాకుండా, మళ్లీ జారి లేచిన రోజును వాళ్లు పండుగ చేసుకుంటారు. మామకు ఈ కథ చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "ఆయనను తాగిన తెల్లారి ఎవరు తీసుకొచ్చిండ్రు ఇంటికి?"

పెద్దాసుపత్రి డాక్టరమ్మే మామకు ఒక పని చెప్పింది. కల్లు మీద గుంజుడు ఒక అల లాంటిదని, లేచి, పెరిగి, అరగంట లోపు దానంతటదే పడిపోతుందని, ఆ అరగంట గడిపించే మనిషిని ఒకణ్ని పెట్టుకోమని. ఎవర్ని పెట్టుకుంటావంటే నా పేరు చెప్పాడట. నన్ను అడగలేదు. ఆ రోజు సాయంత్రం ఆరు కొట్టగానే ఫోన్ వచ్చింది.

ఇప్పటికి పద్నాలుగు నెలలు. మధ్యలో ఒకసారి జారాడు, మేనకోడలి పెళ్లి దావత్‌లో. రాత్రి పదకొండింటికి తానే ఫోన్ చేసి చెప్పాడు, "ఒక్క గ్లాసు తాగిన అల్లుడా, పక్కన వెట్టిన, ఏం జేయాలె?" అని. మా అన్న బండి మీద ఎక్కించుకుని తీసుకొచ్చాడు. తెల్లారి ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు.

ఆరింటికి మా ఆఫీసులో జిల్లా పేజీలు తయారయ్యే వేళ. పక్కవాళ్లకు అలవాటైపోయింది, నా ఫోన్ మోగగానే నా పేజీ వాళ్లు చూసుకుంటారు. నిన్న కూడా మోగింది.

"ఏం జేస్తున్నవ్?"

"పనిల ఉన్న మామా. చెప్పు."

"ఏం లేదు. పల్లికాయ పీకుతున్నం. జడ్చర్ల మార్కెట్ల రేటెంతున్నదో జర చూసి చెప్పు."

రేటు ఆయనకు పొద్దున్నే తెలుసు. చూసి చెప్పాను. బోరు సంగతి చెప్పాడు, బర్రె ఈనిన సంగతి చెప్పాడు. ఫోన్లో ఆయన వెనక బండి హారన్ రెండుసార్లు వినబడింది. మామ మాట ఆపలేదు. దూడ నుదుటి మీద తెల్లచుక్క ఎట్లా ఉందో చెబుతూనే ఉన్నాడు. బండి చప్పుడు దూరమైంది.

"ఇగ వెట్టేస్త అల్లుడా" అన్నాడు. అప్పటికి ఆరున్నర దాటింది.